వెంట్రుకల లెక్క

ప్రశ్న: నా వయసు 32. నాలుగేళ్ళుగా జుట్టు పల్చబడుతోంది. ఇప్పుడు పాపిట దగ్గర మాడు కనిపించేదాకా వచ్చింది. చర్మవ్యాధుల డాక్టరుకి చూపించుకున్నాను. థైరాయిడ్, ఐరన్ పరీక్షలు మామూలుగానే ఉన్నాయి, ఇది వంశపారంపర్యంగా వచ్చేదే అన్నారు. ఏడాదిన్నరగా తలకి రాసుకునే మందు వాడుతున్నాను. ఇంకా పల్చబడకుండా ఆగింది గానీ పోయింది తిరిగి రాలేదు. రోజూ దువ్వుకున్నాక రాలిన వెంట్రుకలు లెక్కపెట్టి ఫోన్‌లో రాసుకుంటాను. నిన్న 84. లిఫ్టులో గోడకి ఆనుకుని నిలబడతాను, వెనక ఎవరూ ఉండకూడదని. మెట్ల మీద నాకంటే పైన ఎవరైనా ఉంటే గుండె దడ. గ్రూప్ ఫొటో అనగానే "నేను తీస్తాను" అని ఫోన్ లాక్కుంటాను. మా ఆయన ప్రేమగా తల మీద చెయ్యి వెయ్యబోతే పక్కకి జరిగిపోతున్నాను. ఆయన ఇప్పుడు వెయ్యడం మానేశారు. అమ్మకి చెబితే "పోతే వెంట్రుకే కదే, ప్రాణం కాదుగా" అంటుంది. ఎక్కడ చదివినా "మిమ్మల్ని మీరు అంగీకరించండి" అనే ఉంటుంది. ఎలా? ఒప్పుకుంటే ఓడిపోయినట్టు కాదా? ఒకపక్క మందు రాసుకుంటూ ఇంకోపక్క అంగీకరించడం ఏమిటి? ఇంకో సంగతి. వచ్చే నెల మా ఆఫీసులో 150 మంది ముందు మాట్లాడాలి. ఆ వేదిక మీద లైట్లు సరిగ్గా నడినెత్తిన ఉంటాయి. తప్పించుకోవడానికి సాకు వెతుకుతున్నాను. (పేరు వెయ్యకండి.)

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి లిఫ్టు, మెట్లు, ఫొటోలు అన్నీ గబగబా దాటేశాను. అవన్నీ నేను ఎరిగినవే. రెండోసారి మాత్రం "ఆయన ఇప్పుడు వెయ్యడం మానేశారు" అన్న చిన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. మీరు దాన్ని మధ్యలో ఎక్కడో ఇరికించి ముందుకి వెళ్ళిపోయారు. నేను దాని దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు మీ అమ్మగారి మాట సంగతి చూద్దాం.

వెంట్రుక కట్టి కొండని లాగుదాం, వస్తే కొండ, పోతే వెంట్రుక అంటాం. పోయినా పోనట్టే లెక్కేసే వస్తువు ఏదైనా ఉందంటే మన భాషలో అది వెంట్రుకే. ఎవరినైనా తీసిపారెయ్యాలంటే "నువ్వు నాకు వెంట్రుకతో సమానం" అంటాం. సరే, బాగానే ఉంది. మరి ఇదే భాష జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అని కూడా అంటుంది. పనికిమాలిన సలహాని బోడి సలహా అంటుంది. ఉన్నన్నాళ్ళూ అందమంతా దానిదే, పోయాక మాత్రం అదొక లెక్కలోకే రాదు. ఈ రెండు మాటల మధ్య ఇరుక్కున్న మనిషికి ఏడవడానికి కూడా చోటు దొరకదు. ఏడిస్తే "ఇంత చిన్నదానికా" అంటారు. అద్దం ముందు నిలబడితే అది చిన్నదిగా కనబడదు.

అమ్మగారు మిమ్మల్ని ఓదార్చాలనే అన్నారు, అందులో అనుమానం లేదు. కానీ "ప్రాణం కాదుగా" అన్నప్పుడు జరిగేదేమిటంటే, మీ బాధని ఇంకా పెద్ద బాధ పక్కన నిలబెట్టి కొలుస్తారు. ఆ కొలతలో ఎవరి బాధైనా ఓడిపోతుంది. ఓడిపోయిన బాధ ఎక్కడికీ పోదు, లోపలికి వెళ్ళి కూర్చుంటుంది.

మీరు నిజంగానే ఒకదాన్ని పోగొట్టుకున్నారు. చిన్నప్పటినుంచి అద్దంలో చూసి "ఇది నేను" అనుకున్న రూపం కొంచెం కొంచెంగా మారిపోయింది. ఒక్కరోజులో పోయుంటే ఆ రోజు తలుపేసుకుని ఏడ్చేవారు. ఇంట్లోవాళ్ళు పక్కన కూర్చునేవాళ్ళు. నాలుగు రోజులకో నెలకో కాస్త తేరుకునేవారు. ఇది అలా పోలేదు, నాలుగేళ్ళపాటు పోతూనే ఉంది. అందుకే మీ దుఃఖానికి ఒక తేదీ లేదు. పరామర్శకి ఎవరూ రాలేదు. మీకు కూడా దాన్ని దుఃఖం అనుకునే వీలు దొరకలేదు, జుట్టు సమస్య అనుకున్నారు. నా మాట విని ఒక సాయంత్రం ఎవరూ లేనప్పుడు మీ పాత ఫొటోలు తీసి చూసుకోండి. ఏడుపొస్తే ఏడవండి. ఇది చికిత్స అని చెప్పట్లేదు. ఇన్నాళ్ళ బాకీ అంతే.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా గట్టున కూర్చుని ఈత నేర్పినట్టుంటుంది. నాది బట్టతల. ఇరవై నాలుగో ఏట మొదలుపెట్టి ముప్పై ఒకటికల్లా పని పూర్తిచేసుకుంది. జుట్టు కత్తిరించే అతను పని అయ్యాక ఒక చిన్న అద్దం వెనక పట్టుకుని మెడ, నడినెత్తి చూపిస్తాడు కదా. ఆ ఏడేళ్ళలో అతను ఎప్పుడు అద్దం తీసినా "వద్దులే, బాగానే ఉంటుంది" అని లేచిపోయేవాణ్ణి. అలా కొన్నాళ్ళు చూసి అతను అద్దం తియ్యడం మానేశాడు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరం తెలియనట్టు ఉండేవాళ్ళం.

అయినా మీ బాధ నాకు పూర్తిగా తెలుసని అనను. మగవాడి బట్టతల మీద జోకులుంటాయి. జోకు చేదుగానే ఉంటుంది, కానీ ఆ సంగతి నలుగురి నోళ్ళలో నలిగిందన్నమాట. జూలియస్ సీజర్ అంతటివాడు బట్టతల గురించి ఎగతాళి చేస్తే తట్టుకోలేకపోయేవాడని, వెనక జుట్టు ముందుకి దువ్వుకునేవాడని, సెనేట్ తనకిచ్చిన గౌరవాలన్నిట్లో ఎప్పుడూ ఆకుల కిరీటం పెట్టుకుని తిరిగే హక్కంటే అతనికి మహా ఇష్టమని రోమన్ చరిత్రకారుడు స్యూటోనియస్ రాశాడు. ఆడవాళ్ళ విషయానికొస్తే ఈ మాత్రం జోకు కూడా లేదు, అంతా మౌనమే. దాంతో ప్రతి ఒక్కరూ ఇది తనకొక్కదానికే వచ్చిందనుకుంటారు. పాపిట వెడల్పవుతూ, నుదుటి మీది అంచు మాత్రం ఇంచుమించు అలాగే ఉండే ఈ తీరుని 1977లోనే ఎరిక్ లుడ్విగ్ అనే జర్మన్ డాక్టరు మూడు దశలుగా విడదీసి చూపించారు. ఇప్పటికీ డాక్టర్లు ఆ దశల పేరుతోనే మాట్లాడుకుంటారు. ఎవరికో ఒకరికి వచ్చేదైతే దానికి దశలూ పేర్లూ పెట్టే అవసరం ఉండేది కాదు.

ఇప్పుడు మీ లెక్క. 84.

మనిషి తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం ఏ సమస్యా లేనివాళ్ళకి కూడా మామూలే. ఒక్కో వెంట్రుక కొన్నేళ్ళపాటు, నెలకి దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. తర్వాత పెరుగుదల ఆగిపోతుంది. రెండు మూడు నెలలు అలా ఊరికే ఉండి, అప్పుడు రాలుతుంది. అంటే నిన్న మీ దువ్వెనకి వచ్చిన ఆ 84 వెంట్రుకల సంగతి నిన్న తేలింది కాదు, రెండు మూడు నెలల కిందటే తేలిపోయింది. నిన్న మీరు ఎంతసేపు నిద్రపోయారు, ఏం తిన్నారు, దువ్వెనతో ఎంత గట్టిగా దువ్వారు అన్నవాటితో ఆ అంకెని కలపడం బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టే. (ఈ సామెత నేను వాడితే ఎవరూ ఏమీ అనరు. బట్టతల వల్ల నాకు ఒరిగిన లాభం ఇదొక్కటే.) పైగా తలస్నానం చేసిన రోజు ఎక్కువ రాలతాయి, చెయ్యని రోజు తక్కువ. రెండు రోజులు దువ్వకపోతే ఆ రెండు రోజులవీ కలిసి వస్తాయి.

అసలు విషయం ఇంకొకటుంది. మీకున్న రకంలో ఎన్ని రాలాయన్నది ముఖ్యం కాదు. రాలినచోట మళ్ళీ మొలిచే వెంట్రుక ముందటిదానికంటే సన్నగా, పొట్టిగా వస్తుంది. దాని తర్వాతది ఇంకా సన్నగా వస్తుంది. పల్చబడటం అంటే అదీ. దాన్ని దువ్వెనలో లెక్కపెట్టి తెలుసుకోవడం కుదరదు. ఇన్ని నెలలుగా మీరు ఓపిగ్గా లెక్కపెడుతున్న అంకె మీ జబ్బుని కొలవనే కొలవదు. అది చేసే పని ఒక్కటే, ఆ రోజు మీరు ఎంత భయపడాలో పొద్దున్నే చెప్పడం. ఆ నోట్‌ని ఫోన్‌లోంచి తీసెయ్యండి. మెల్లమెల్లగా తగ్గిస్తాను అనకండి, ఇవాళే తీసెయ్యండి. మందు పనిచేస్తోందో లేదో చూసుకోవాలంటే మూడు నెలలకోసారి, అదే గదిలో, అదే వెలుతురులో, అదే పాపిట తీసి ఒక ఫొటో తీయించుకోండి. తీయించుకోండి అన్నాను, తీసుకోండి అనలేదు. ఎవరిచేత తీయించుకోవాలో మీకు తెలుసు.

ఇక "టెన్షన్ పడకు, ఇంకా ఊడుతుంది" అని మీకు ఎంతమంది చెప్పుంటారో! ఇంతకంటే టెన్షన్ పెట్టే మాట ఇంకోటి లేదు. తీవ్రమైన జ్వరం, కాన్పు, పెద్ద ఆపరేషన్, ఉన్నట్టుండి బాగా బరువు తగ్గడం, మనసుకి గట్టి దెబ్బ తగలడం, వీటి తర్వాత రెండు మూడు నెలలకి కుచ్చులు కుచ్చులుగా జుట్టు రాలడం నిజమే. అది చాలావరకు కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. మీది ఆ రకం కాదని మీ డాక్టరే చెప్పారు. మీది అమ్మవైపు నుంచో నాన్నవైపు నుంచో ఇద్దరి నుంచో వచ్చిన జన్యువుల పని. మీరు టెన్షన్ పడటం వల్ల పాపిట వెడల్పు కాలేదు. పాపిట వెడల్పు కావడం వల్ల మీకు టెన్షన్ వచ్చింది. కాబట్టి బాధపడినందుకు మళ్ళీ విడిగా తప్పు చేసినట్టు ఫీలవకండి.

మీ అసలు ప్రశ్న ఒప్పుకోవడం గురించి. ఆ మాట మీకు ఎందుకు రుచించలేదో నాకు అర్థమైంది. మనం దేన్ని ఒప్పుకుంటాం? తప్పుని ఒప్పుకుంటాం, నేరాన్ని ఒప్పుకుంటాం, ఓటమిని ఒప్పుకుంటాం. అందుకే "ఉన్నదున్నట్టు ఒప్పుకో" అనగానే ఎవరో మన చేత సంతకం పెట్టించుకుంటున్నట్టుంటుంది. "అంగీకరించండి" అంటే పెళ్ళిచూపుల్లో సరేనన్నట్టు. నేనైతే కుదుటపడటం అంటాను. జ్వరం తగ్గాక మనిషి కుదుటపడతాడు. బలమంతా తిరిగొచ్చాక కాదు, ఇంకా నీరసంగా ఉన్నప్పుడే. లేచి కూర్చుంటాడు, ఎవరైనా వస్తే మాట్లాడతాడు, ఆకలేస్తే తింటాడు. జ్వరం వచ్చినందుకు సంతోషపడక్కర్లేదు. నాకు నా బట్టతలంటే ఇప్పటికీ ప్రేమేమీ లేదు. అది ఉంది, నేనూ ఉన్నాను, మా మధ్య గొడవలు తగ్గాయి.

మందు వాడటానికీ దీనికీ పేచీ ఏమీ లేదు. కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళంతా చూపు తగ్గిందని ఒప్పుకున్నవాళ్ళే కదా. ఒప్పుకోనివాళ్ళు పుస్తకాన్ని దూరంగా పట్టుకుని అక్షరాలు చిన్నవిగా వేశారని తిడుతుంటారు. మీరు రాసుకునేది మినాక్సిడిల్ అయ్యుంటుందనుకుంటాను. అది మొదట రక్తపోటుకి మింగే మాత్ర. వాడినవాళ్ళకి ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి తలకి రాసే మందుగా మార్చారు, అమెరికాలో 1988లో దానికి అనుమతి వచ్చింది. మొదటి వారాల్లో ఇంకా ఎక్కువ రాలినట్టు అనిపించడం, తేడా తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టడం, మానేస్తే దానివల్ల నిలబడింది మళ్ళీ కొన్ని నెలల్లో పోవడం, ఇవన్నీ మీ డాక్టరు చెప్పే ఉంటారు. "ఇంకా పల్చబడకుండా ఆగింది గానీ" అని రాశారు చూడండి, ఆ "గానీ" దగ్గర నాకు మీతో పేచీ ఉంది. ఆగడమే ఈ మందు చెయ్యాల్సిన పెద్ద పని. అది చేస్తోంది. మీరు దాన్ని ఫెయిలైనట్టు చూస్తున్నారు.

మందు రాసుకునే ఆ పది నిమిషాలూ జుట్టుకి ఇచ్చెయ్యండి. శ్రద్ధగా రాయండి, విసుక్కుంటూ రాయకండి. ఆ పది నిమిషాలూ అయ్యాక మిగతా రోజు దానిది కాదు. ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు. కానీ రాత్రి ఒంటిగంటకి కొత్త నూనెల గురించి, కొత్త మాత్రల గురించి వెతకడం మాత్రం మానెయ్యొచ్చు. ఈ వెతుకులాట ఇప్పటిది కాదు. సుమారు క్రీ.పూ. 1550 నాటి ఈజిప్టు వైద్యగ్రంథం ఎబర్స్ పాపిరస్‌లో బట్టతలకి సింహం, నీటిగుర్రం, మొసలి, పిల్లి, పాము, కొండమేక కొవ్వులు కలిపి రాయమని ఉంది. సింహం కొవ్వు తెచ్చినవాడు ఎంతకి అమ్మాడో గానీ, అమ్మే ఉంటాడు. ఒక్క జాగ్రత్త చెబుతాను. జుట్టుకని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు సొంతంగా వేసుకుంటుంటే రక్తపరీక్షకి ముందు డాక్టరుకి ఆ మాట చెప్పండి. థైరాయిడ్ సహా కొన్ని పరీక్షల ఫలితాలు దానివల్ల తప్పుగా వచ్చే వీలుంది. ఒంట్లో బయోటిన్ లోపం లేనివాళ్ళకి అది జుట్టు మొలిపిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు.

ఇప్పుడు మీ ఆయన చెయ్యి.

అద్దం తియ్యడం మానేసిన అతని సంగతి చెప్పాను కదా. అతనికి నా నడినెత్తి చూడటం ఇష్టం లేక మానలేదు. చూడటమే అతని పని, చూస్తూనే ఉన్నాడు. నాకు ఇష్టం లేదని అర్థమై, మర్యాదకొద్దీ మానేశాడు. అతను మానేసినప్పుడు నేనేం అనుకున్నానో తెలుసా? "చూపించడానికి ఇంకేమీ మిగల్లేదనుకున్నాడు కాబోలు" అనుకున్నాను. ఆ మాట చాలా ఏళ్ళు నాలో ఉండిపోయింది.

మీరూ అలాంటిదే అనుకుంటున్నారని నా అనుమానం. చేతికి తగిలేది మాడే కదా, అందుకే మానేశారు అని. ఒక్కసారి ఆయనవైపు నుంచి చూడండి. ఆయనకి తెలిసింది ఇంతే, చెయ్యి చాచినప్పుడల్లా భార్య పక్కకి జరుగుతోంది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. పోనీ మీ పాపిట సంగతి ఆయనకి తెలియదనుకుంటున్నారా? ఒకే ఇంట్లో నాలుగేళ్ళుగా ఉన్న మనిషికి, మీరు నేల మీద కూర్చుని ఏదో వెతుకుతుంటే పైనుంచి చూసిన మనిషికి, తెలియకపోవడం ఏమిటి! ఆయనకి తెలియనిదల్లా మీరు జరిగింది తన నుంచి కాదన్న సంగతి.

చెప్పండి. ఎదురెదురుగా కూర్చుని పెద్ద సంభాషణ పెట్టుకోనక్కర్లేదు. లైటు తీసేశాక చెప్పండి, కొన్ని మాటలు చీకట్లోనే తేలిగ్గా వస్తాయి. "మీరు తల నిమిరితే జుట్టు పల్చగా తగులుతుందని భయపడి జరిగాను, మీ మీద కోపంతో కాదు." అంత చాలు. బహుశా ఆయన "నాకు అదసలు లెక్కే కాదు" అంటారు. ప్రేమగానే అంటారు. కానీ అది అచ్చం మీ అమ్మగారి మాటలాగే వినబడి మీకు చిర్రెత్తుకు రావొచ్చు. అప్పుడు పోట్లాడకుండా ఇంకో ముక్క చెప్పండి, "నాకు లెక్కే. ఊరికే వినండి, ఏమీ చెయ్యక్కర్లేదు" అని. ఎదుటివాళ్ళకి మన బాధ చెప్పగానే వాళ్ళు దాన్ని బాగుచెయ్యడానికి పరిగెత్తుతారు. వద్దని ముందే చెబితే వాళ్ళకీ హాయి. ఆ తర్వాత మీరే అడిగి చెయ్యి వేయించుకోండి. మొదటిసారి ఒళ్ళంతా బిగుసుకుపోతుంది. రెండోసారి కూడా. మీరు భయపడుతున్న పని ఎదురుగా నిలబడి జరగనిస్తే, పదిసార్లయ్యేసరికి ఆ భయానికి మొదటి రోజున్న ఊపు ఉండదు. మానసిక చికిత్సలో కూడా భయాల విషయంలో చేయించేది ఇదే.

మా బార్బర్ దగ్గర నేను అద్దం అడిగిన రోజు నాకేం ధైర్యం పుట్టుకురాలేదు. వేరే ఏదో ఆలోచనలో ఉండి "ఏదీ, చూపించు" అనేశాను. అతను ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, సొరుగులో అడుగున వెతికి తీశాడు. చూశాను. ఇంత నున్నగా ఉందేమిటి అనుకున్నాను. అర నిమిషం పట్టింది అంతే. తర్వాత నెల అద్దంలో చూసినప్పుడు మళ్ళీ బాధేసింది, అది వేరే సంగతి. ముందు మనసు కుదుటపడాలి, అప్పుడు బయటికి అడుగేద్దాం అనుకుంటూ ఏడేళ్ళు కూర్చున్నాను. వరస అటునుంచి రాదు.

అమెరికా కాంగ్రెస్ సభ్యురాలు అయానా ప్రెస్లీకి అలోపేషియా, అంటే జుట్టు ఊడిపోయే జబ్బు వచ్చింది. మీకున్న రకం కాదు, ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే జుట్టు కుదుళ్ళ మీద దాడిచేసే రకం. కొద్ది వారాల్లో జుట్టంతా పోయింది. 2019 డిసెంబరులో అప్పటి అధ్యక్షుడి అభిశంసన మీద ఓటింగ్‌కి ముందురోజు రాత్రి ఉన్న చివరి జుట్టు కూడా రాలిపోయింది. ఆమె విగ్గు పెట్టుకుని వెళ్ళి, ఓటేసి, వీలైనంత త్వరగా బయటికొచ్చి బాత్రూమ్‌లో దాక్కున్నానని చెప్పుకున్నారు. 2020 జనవరిలో ఒక వీడియోలో విగ్గు లేకుండా కనిపించారు. అప్పటికీ తాను పూర్తిగా సమాధానపడలేదని, ఇంకా ఆ దారిలోనే ఉన్నానని అందులోనే అన్నారు. వేలమందికి ధైర్యం చెప్పిన మనిషి కూడా ధైర్యం అంతా పోగయ్యాక రాలేదన్నమాట. మీరు వీడియోలు పెట్టనక్కర్లేదు. లిఫ్టులో ఒక్కసారి మధ్యలో నిలబడితే చాలు. రెండంతస్తులు.

లిఫ్టు సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. 2000లో థామస్ గిలోవిచ్, మరి ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం గురించి రాశారు. కాలేజీ విద్యార్థులకి వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, మనుషులున్న గదిలోకి పంపించారు. బయటికొచ్చాక, ఎంతమంది గమనించి ఉంటారని అడిగితే దాదాపు సగం మంది అన్నారు. నిజంగా గమనించింది నాలుగోవంతు కూడా లేరు. నేను ఈ ప్రయోగాన్ని మీకు తాయెత్తులా కట్టను. ఎవరూ చూడరు అని ఇందులో లేదు, కొందరు చూశారు. మీ పాపిటనీ కొందరు చూస్తారు. లిఫ్టులో వెనకున్న మనిషి చూసి "జుట్టు పల్చగా ఉంది" అనుకుని, నాలుగో అంతస్తులో దిగి, తన పని తాను చూసుకుంటాడు. మీరు మాత్రం ఆ మనిషి అనుకోని మాటలు కూడా కలిపి ఇంటిదాకా మోసుకెళ్తారు.

ఎవరైనా నోరు తెరిచి అడిగితే? ఒక వాక్యం ముందే తయారుగా పెట్టుకోండి. "అవును, పల్చబడింది, డాక్టరు చూస్తున్నారు" అని చెప్పి మాట మార్చెయ్యండి. అది పొడిగా ఉండాలి. సంజాయిషీలా ఉంటే వాళ్ళు ఇంకో పది నిమిషాలు సలహాలిస్తారు. బోడి సలహాలు అని రాయబోయి ఆగాను.

అద్దం ముందు మీరు మీతో ఏం మాట్లాడుకుంటారో ఉత్తరంలో లేదు. ఊహించగలను. ఒక పని చేసి చూడండి. మొహం అద్దానికి ఆనించి పాపిటని వెతకడం మాని, రెండడుగుల దూరంలో నిలబడి మొత్తం మనిషిని చూడండి. కనబడింది కనబడినట్టు పైకి చెప్పండి, తీర్పు కలపకుండా. "పాపిట ఒక వేలు వెడల్పుంది, చర్మం కనిపిస్తోంది, కనుబొమలు నల్లగా ఉన్నాయి, ఎడమ చెవి దగ్గర పుట్టుమచ్చ ఉంది." "అసహ్యంగా ఉన్నాను" అన్నది కనబడే వస్తువు కాదు, అది తీర్పు. అందంగా ఉన్నాను అని కూడా అనుకోవద్దు. నమ్మని మాట అద్దం ముందు చెప్పుకుంటే ఇంకా మంటెత్తుతుంది.

జుట్టులో చల్లుకునే పొడులు, పాపిట మీద పెట్టుకునే జుట్టు ముక్కలు (టాపర్లు), విగ్గులు మోసమా అని చాలామంది అడుగుతారు. మీరు అడగలేదు గానీ మనసులో ఉంటుంది. మోసం ఏమీ లేదు. వాటిని నేను ఒకే ప్రశ్నతో చూస్తాను. అది పెట్టుకున్నాక మీరు వెళ్ళే చోట్లు పెరిగాయా, తగ్గాయా? పెట్టుకుని ఫొటోలో నిలబడగలిగితే పెట్టుకోండి. పెట్టుకున్నాక గాలివానకి భయపడి బయటికెళ్ళడం మానేస్తే అది మీకు సాయం చెయ్యట్లేదు.

ఈ ఉత్తరం చదివే వేరేవాళ్ళకి రెండు మాటలు. గుండ్రంగా మచ్చల్లా జుట్టు పోయినా, మాడు మీద ఎర్రదనం, మంట, నొప్పి ఉన్నా ఆలస్యం చెయ్యకండి. కొన్ని రకాల్లో కుదుళ్ళు మచ్చకట్టి శాశ్వతంగా పోతాయి, ముందుగా వెళ్తే మిగిలినవి కాపాడుకోవచ్చు. అలాగే రోజులో గంటకి పైగా అద్దం ముందో ఈ ఆలోచనల్లోనో గడిచిపోతున్నా, పనికి వెళ్ళడం మనుషుల్ని కలవడం ఆగిపోయినా మానసిక నిపుణుల్ని కలవండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఆ రోజే నమ్మకమైన మనిషితో చెప్పి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇది జుట్టుకోసం వెళ్ళడం కాదు, కాబట్టి "జుట్టుకోసం వెళ్తారా" అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. మీరు కూడా, నేను చెప్పినవి ఒకటి రెండు నెలలు చేశాక ఈ లెక్కపెట్టడం, ఈ దాక్కోవడం తగ్గకపోతే ఆ పని చెయ్యండి.

చివరికి మీ ఆఫీసు హాలు. సాకు వెతకొద్దు. ముందురోజు సాయంత్రం ఖాళీగా ఉన్నప్పుడు ఒక స్నేహితురాలిని తీసుకుని వెళ్ళండి. ఆ లైట్లన్నీ వేయించి, మాట్లాడే చోట నిలబడండి. ఆమెని కింద మూడో వరసలో కూర్చుని ఒక ఫొటో తియ్యమనండి. వేదిక ఎత్తులో ఉంటుంది, వినేవాళ్ళు కింద ఉంటారు. వాళ్ళకి కనబడేది మీ మొహం, మీ నుదురు. నడినెత్తి కనబడాలంటే వాళ్ళు ఆ లైట్లకి వేలాడాలి. ఇది ధైర్యం చెప్పడం కాదు, ఎత్తుపల్లాల సంగతి. తల వంచి కాగితం చూసి చదివితే మాత్రం పాపిట కనబడుతుంది, కాబట్టి మొదటి ఐదు నిమిషాలు కాగితం చూడకుండా వచ్చేలా సిద్ధం కండి. ఆ సిద్ధం కావడంలో కాసేపు జుట్టు గుర్తుండదు, అదొకటి.

మాట్లాడటం అయ్యాక ప్రశ్నలడుగుతారు కదా. ఎవరు ఏం అడిగారో, మీరేం జవాబు చెప్పారో ఆ రాత్రి నాకు రాయండి. ఏ అంశం మీద మాట్లాడబోతున్నారో ఉత్తరంలో చెప్పలేదు. లైట్ల గురించే రాశారు.